ఎమర్జెన్సీ వైద్యం నేర్పడానికి విదేశాలకు వెళ్లే డాక్టర్లు: ఎప్పుడు మేలు, ఎప్పుడు కీడు?

రాత్రి 2 గంటలకు ఏదైనా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి చూడండి. యాక్సిడెంట్ కేసు వచ్చినా, పురుగుల మందు తాగిన కేసు వచ్చినా రోగి నాడి మొదట పట్టుకునేది ప్రొఫెసర్ కాదు. చాలాసార్లు ఓ హౌస్ సర్జనో, పీజీ మొదటి ఏడాది చదువుతున్న డాక్టరో ఉంటారు. ఆసుపత్రిలో అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్ల దగ్గరికే అందరికంటే ప్రమాదంలో ఉన్న రోగి ముందుగా వస్తాడు.

మరి ఆ జూనియర్‌కు ఎవరు నేర్పాలి? పక్కన నిలబడి 'ముందు ఇది చెయ్, అది తర్వాత' అని చెప్పే సీనియర్ ఉంటే సరే. ఆ విభాగంలో శిక్షణ పొందిన సీనియర్ దేశంలోనే లేకపోతే?

చాలా దేశాలు ఈ మధ్యకాలం వరకూ ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. స్పెషలిస్టులను తయారు చేయాలంటే నేర్పడానికి స్పెషలిస్టులు ఉండాలి. ఆ స్పెషలిస్టులు కావాలంటే ముందు కోర్సు ఉండాలి. ఈ చిక్కుముడి విప్పడానికి కెనడా, అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల నుంచి డాక్టర్లు సెలవు పెట్టుకుని, చాలాసార్లు జీతం లేకుండా వెళ్లి పాఠాలు చెప్పారు, ఇప్పటికీ చెబుతున్నారు. వాళ్లలో మన తెలుగు డాక్టర్లు కూడా ఉండొచ్చు. అమెరికాలోనో, యూకేలోనో ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే బంధువు మీ ఇంట్లోనే ఉండి ఉండొచ్చు.

ఈ స్వచ్ఛంద బోధన ఎలా నడుస్తుంది? దాని వల్ల ఎక్కడ మేలు జరిగింది? ఎక్కడ బెడిసికొట్టింది? వెళ్లాలనుకునే డాక్టర్లు ముందు ఏం చూసుకోవాలి?

ఎమర్జెన్సీ మెడిసిన్ అంటే ప్రత్యేకంగా ఏమిటి?

మిగతా విభాగాల్లో డాక్టర్ ముందు జబ్బేమిటో తేల్చి, తర్వాత మందు ఇస్తారు. ఎమర్జెన్సీలో ఆ వరుస తిరగబడుతుంది. జబ్బు పేరు తెలిసేలోపే రోగి ప్రాణం నిలబెట్టాలి. శ్వాసదారి తెరిచి ఉందా, ఊపిరి ఆడుతోందా, రక్త ప్రసరణ ఎలా ఉంది, స్పృహ ఉందా అని వరుసగా చూసి, ఎక్కడ తేడా ఉంటే అక్కడే ఆగి సరిచేయాలి. ఒకేసారి పదిమంది వస్తే ఎవరిని ముందు చూడాలో తేల్చాలి. దాన్నే ట్రయాజ్ అంటారు.

చెప్పుకోవడానికి ఇది సులువే. గుండె వైద్యుడికి గుండె తెలుసు, సర్జన్‌కు పొట్ట తెలుసు. ఊపిరాడక నీలంగా మారిన మనిషి వచ్చినప్పుడు అది గుండె జబ్బో, ఆస్తమానో, గొంతులో అడ్డుపడిన ముద్దో తెలియకుండానే మొదటి 5 నిమిషాలు నడిపించగలగడం వేరే నైపుణ్యం. దానికి వేరే చదువు కావాలన్న సంగతి ప్రపంచం ఆలస్యంగానే గుర్తించింది. అమెరికాలో 1979లో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక విభాగంగా గుర్తించారు. మన దేశంలో అప్పటి మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ పని చేసింది 2009లో. మనకంటే ఇథియోపియా పెద్దగా వెనకబడిందేమీ కాదు.

అడిస్ అబాబాలో ఏం జరిగింది?

ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని ప్రధాన బోధనాసుపత్రి పేరు తికుర్ అన్‌బెసా. అంటే నల్ల సింహం. అడిస్ అబాబా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ఈ ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచీ రోగులు వస్తారు. రోడ్డు ప్రమాదాలు, క్షయ వల్ల గుండె చుట్టూ నీరు చేరిన కేసులు, చిన్న వయసులోనే కీళ్లవాత జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్నవాళ్లు, పురుగుల మందు తాగినవాళ్లు అందరూ అక్కడికే చేరతారు.

2010లో ఈ విశ్వవిద్యాలయం మూడేళ్ల ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ కోర్సు ప్రారంభించింది. దేశంలో అలాంటి కోర్సు అదే మొదటిది. పాఠాలు చెప్పడానికి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం వైద్యులు ముందుకొచ్చారు. విదేశాల్లో స్థిరపడిన ఇథియోపియన్ వైద్యుల సంస్థ పీపుల్ టు పీపుల్ కూడా ఇందులో పాలుపంచుకుంది.

టొరంటోతో స్నేహం అంతకుముందే మొదలైంది. 2003లో మానసిక వైద్యంలో పీజీ కోర్సు కోసం రెండు విశ్వవిద్యాలయాలు చేయి కలిపాయి. అప్పుడు పెట్టుకున్న పద్ధతి చాలా మామూలుగా కనిపిస్తుంది. కోర్సు అడిస్ అబాబాది, పట్టా అడిస్ అబాబాది, విద్యార్థులు ఉండేది అడిస్ అబాబాలో. టొరంటో అధ్యాపకులు అడిగినప్పుడు వస్తారు, అడిగిన పాఠం చెబుతారు, వెళ్లిపోతారు. ఆ అనుభవంతోనే 2008లో టొరంటో అడిస్ అబాబా అకడమిక్ కొలాబరేషన్ పేరుతో ఇతర విభాగాలకూ దాన్ని విస్తరించారు. ఎమర్జెన్సీ మెడిసిన్ అందులో ఒకటి.

ఎమర్జెన్సీ బృందాలు ఏడాదిలో కొన్నిసార్లు, ఒక్కో విడత కొన్ని వారాలు ఉండేలా వచ్చేవి. ఒకరిద్దరు సీనియర్ అధ్యాపకులు, వాళ్లతో పాటు టొరంటోలో పీజీ చివరి దశలో ఉన్న డాక్టర్ వచ్చేవారు. ప్రతి విడతకూ అంశాలు ముందే నిర్ణయించుకునేవారు. ఒకసారి ట్రామా, మరోసారి విషప్రభావాలు, ఇంకోసారి పిల్లల అత్యవసరాలు. క్లాసు అయ్యాక అందరూ వార్డులోకి వెళ్లి అదే పాఠాన్ని రోగి పడక పక్కన నిలబడి మళ్లీ నేర్చుకోవాలి.

ఈ రెండో భాగమే అసలైనది. పవర్‌పాయింట్ పాఠం యూట్యూబ్‌లోనూ దొరుకుతుంది. బీపీ పడిపోతున్న రోగి ముందు చేతులు వణుకుతున్న పీజీ పక్కన నిలబడి, 'తొందరపడకు, అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఇక్కడ పెట్టు, గుండె చుట్టూ నల్లగా కనిపిస్తోందా? అది నీరు' అని చెప్పే మనిషి యూట్యూబ్‌లో దొరకడు.

2013లో మొదటి బ్యాచ్ బయటికొచ్చింది. ఆ తర్వాత కథలో విదేశీ డాక్టర్ల పాత్ర క్రమంగా తగ్గుతూ వచ్చింది. అక్కడే చదివి స్పెషలిస్టులైనవాళ్లు అక్కడే అధ్యాపకులై, తర్వాతి బ్యాచ్‌లకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆ నెలల్లో తికుర్ అన్‌బెసా ఎమర్జెన్సీ వార్డులో నిలబడింది ఆ దేశపు డాక్టర్లే.

విదేశాలకు పంపి చదివించొచ్చు కదా?

ఇది సహజంగా వచ్చే ప్రశ్న. నలుగురిని లండన్‌కో, న్యూయార్క్‌కో పంపి చదివించి, వాళ్లు తిరిగొచ్చాక విభాగం ప్రారంభించవచ్చు. దీని ఫలితం ఎలా ఉంటుందో ఘనా దేశం మరో విభాగంలో ముందే చూసింది. అక్కడి ప్రభుత్వం ప్రసూతి వైద్యం చదవమని చాలా ఏళ్లపాటు డాక్టర్లను బ్రిటన్‌కు పంపింది. తిరిగొచ్చి స్వదేశంలో పనిచేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1989లో మిషిగన్ విశ్వవిద్యాలయం సహకారంతో అదే చదువును ఘనాలోనే ప్రారంభించాక, చదివినవాళ్లలో దాదాపు అందరూ దేశంలోనే ఉండిపోయారు.

కారణం దేశభక్తి ఒక్కటే అనుకోవడానికి లేదు. మూడేళ్లు చదివేటప్పుడే మనిషికి ఇల్లు, స్నేహాలు, పిల్లల బడి, కాబోయే బాస్ అన్నీ ఏర్పడతాయి. అవి ఎక్కడ ఏర్పడితే ఉద్యోగం కూడా అక్కడే వెతుక్కుంటారు. కొడుకునో, కూతురినో ఎంఎస్‌కు పంపిన తల్లిదండ్రులకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఘనాలో ఎమర్జెన్సీ వైద్యానికి ప్రేరణ ఒక విషాదం. 2001 మే 9న అక్రా స్టేడియంలో హార్ట్స్ ఆఫ్ ఓక్, అసాంటే కొటోకో జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. చివర్లో గొడవ మొదలైంది. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. తొక్కిసలాటలో 126 మంది చనిపోయారు. క్షతగాత్రులను తీసుకెళ్లడానికి గానీ, తీసుకెళ్లాక చూడటానికి గానీ దేశంలో సరైన ఏర్పాటు లేదని ఆ రాత్రి బయటపడింది. 2004లో జాతీయ అంబులెన్స్ సర్వీసు మొదలైంది. కొటోకో జట్టు సొంత నగరం కుమాసీలో, కొమ్‌ఫో అనోచే బోధనాసుపత్రిలో పెద్ద ప్రమాద, అత్యవసర కేంద్రం కట్టారు.

భవనం వచ్చింది, అంబులెన్స్ వచ్చింది. లోపల ఎవరు పనిచేయాలి? 2009లో అదే ఆసుపత్రిలో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ కోర్సు మొదలైంది. మళ్లీ మిషిగన్ విశ్వవిద్యాలయమే అధ్యాపకులను పంపింది. 2012లో మొదటి బ్యాచ్ పూర్తయింది. డాక్టర్లతో పాటు ఎమర్జెన్సీ నర్సులకూ శిక్షణ ఇచ్చారు. చాలా ప్రోగ్రాముల్లో ఈ రెండో పని మరిచిపోతారు. రాత్రంతా రోగి పక్కన ఉండేది నర్సే, ఆక్సిజన్ తగ్గుతోందని ముందు గమనించేదీ నర్సే. ఆ పాఠ్యాంశాలను ఎవరైనా వాడుకోవచ్చంటూ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు కూడా.

పాఠం తప్పితే ఏమవుతుంది?

స్వచ్ఛందంగా వెళ్లి ఉచితంగా చెప్పే పాఠం వల్ల నష్టమేముంటుంది అనిపించవచ్చు. ఈ కథనంలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే.

ఒంట్లో ఇన్ఫెక్షన్ పెరిగి బీపీ పడిపోయిన రోగికి వేగంగా సెలైన్ ఎక్కించడం అమెరికా, యూరప్ పాఠ్యపుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్న నియమం. అక్కడి నుంచి వచ్చే అధ్యాపకులు కూడా అదే నేర్పారు. ఆఫ్రికాలో ఆ నియమాన్ని పరీక్షించి చూసినప్పుడు ఏం తేలిందో చూడండి.

ఉగాండా, కెన్యా, టాంజానియా ఆసుపత్రుల్లో తీవ్ర జ్వరంతో, రక్త ప్రసరణ మందగించి వచ్చిన 3,141 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. దాని పేరు ఫీస్ట్. కొందరికి వేగంగా ద్రవాలు ఎక్కించారు, కొందరికి ఎక్కించలేదు. ద్రవాలు ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు చనిపోయినవాళ్లు 10.5 శాతానికి పైనే. ఎక్కించనివాళ్లలో 7.3 శాతం. తేడా స్పష్టంగా కనిపించడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

పిల్లల సంగతి సరే, పెద్దలకు పనిచేస్తుందేమో అనుకున్నారు. జాంబియా రాజధాని లుసాకాలోని బోధనాసుపత్రిలో 209 మంది పెద్దలపై చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. ఎక్కువ ద్రవాలు, అవసరమైతే బీపీ పెంచే మందులతో నియమం ప్రకారం చికిత్స చేసిన గ్రూపులో 48.1 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. అక్కడ మామూలుగా చేసే చికిత్స అందుకున్న గ్రూపులో చనిపోయినవాళ్లు 33 శాతం.

ఎందుకలా? లుసాకా రోగుల్లో చాలామందికి హెచ్ఐవీ ఉంది. రక్తహీనత, పోషకాహార లోపం ఉన్నాయి. ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి చేరితే అమెరికాలో రోగిని వెంటనే వెంటిలేటర్ మీద పెడతారు. వెంటిలేటర్ లేనిచోట ఆ ద్రవమే ప్రాణం తీస్తుంది. పుస్తకంలోని నియమం వెనక ఒక ఐసీయూ దాగి ఉందని రాసినవాళ్లకు గానీ, చదివినవాళ్లకు గానీ తట్టలేదు.

అందుకే మంచి ప్రోగ్రాములు వచ్చే అధ్యాపకుడికి మొదటి కొన్ని రోజులు నోరు మూసుకుని చూడమని చెబుతాయి. ఇక్కడ సీటీ స్కాన్ పనిచేస్తోందా? రోగి బంధువులు ముందు డబ్బు కట్టాలా? ఏ మందు ఆసుపత్రిలో ఉంది, ఏది బయటి దుకాణంలో కొనుక్కురావాలి? ఆక్సిజన్ గోడ నుంచి వస్తోందా, సిలిండరా? సిలిండర్ అయితే రాత్రి ఎన్నింటికి ఖాళీ అవుతుంది? ఇవి తెలియకుండా చెప్పే పాఠం పరీక్ష రాయడానికి పనికొస్తుందేమో గానీ, వార్డులో పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీతో కలిసి తెచ్చిన బేసిక్ ఎమర్జెన్సీ కేర్ కోర్సు ఈ దారిలోనే నడుస్తుంది. గాయాలు, ఊపిరాడకపోవడం, షాక్, స్పృహ తప్పడం అనే నాలుగు పరిస్థితుల చుట్టూ అల్లిన చిన్న కోర్సు ఇది. పెద్ద యంత్రాలు లేకుండా ఏం చేయగలమో చెబుతుంది. విన్నవాళ్లలో కొందరిని శిక్షకులుగా తయారు చేయడం కూడా అందులో భాగమే. 2019లో ప్రపంచ ఆరోగ్య సభ ఎమర్జెన్సీ వ్యవస్థలను బలపరచాలని సభ్య దేశాలను కోరుతూ తీర్మానం చేసింది.

వారం రోజుల ట్రిప్‌తో లాభముందా?

మా డెస్క్‌కు తరచూ ఒక రకం ప్రెస్‌నోట్లు వస్తుంటాయి. ఫలానా విదేశీ వైద్య బృందం వచ్చింది, రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టింది, ఒక యంత్రం బహూకరించింది, శాలువాలు కప్పారు. ఫొటోలో అందరూ నవ్వుతుంటారు. ఆరు నెలల తర్వాత ఆ యంత్రం పనిచేస్తోందా అని చెప్పే ప్రెస్‌నోట్ మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు.

వారం పర్యటన అంతా వృథా అనలేం. ఒకే నైపుణ్యం, ఉదాహరణకు ఛాతీలో గొట్టం వేయడమో, అల్ట్రాసౌండ్‌తో పొట్టలో రక్తం కనిపెట్టడమో, వారంలో నేర్పొచ్చు. అయితే అదే బృందం మళ్లీ వచ్చి, నేర్చుకున్నవాళ్లు ఎలా చేస్తున్నారో చూడాలి. ప్రతిసారీ కొత్త మనుషులు వచ్చి మొదటి పాఠమే మళ్లీ చెబితే, పీజీలు మర్యాదకు కూర్చుంటారు, అంతే.

ఆతిథ్యమిచ్చే విభాగానికి అయ్యే ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు. విమానాశ్రయానికి కారు, వసతి, అనుమతి పత్రాలు, అనువాదానికి ఒక నర్సు. నలుగురే డాక్టర్లున్న విభాగంలో ఒకరు అతిథి పనులకే కేటాయిస్తే ఆ రోజు రోగులను ముగ్గురే చూస్తారు. ఇథియోపియాలో వైద్య విద్య ఇంగ్లిష్‌లో సాగుతుంది కాబట్టి క్లాసు వరకూ ఇబ్బంది లేదు. రోగి మాత్రం అమ్హారిక్‌లోనో, ఒరోమోలోనో మాట్లాడతాడు. 'నొప్పి ఎప్పుడు మొదలైంది' అని అడగాలన్నా మధ్యలో ఇంకొకరు కావాలి.

ఇంకో తప్పు మరింత పెద్దది. స్వదేశంలో సొంతంగా చేసే అర్హత లేని ప్రొసీజర్‌ను పేద దేశానికి వెళ్లి రోగుల మీద చేయడం. వైద్య విద్యార్థులు, కొత్త డాక్టర్లు ఉత్సాహంలో ఇలాంటి పని చేసిన సందర్భాలపై వైద్య నైతికత రాతల్లో చాలా చర్చ జరిగింది. మీ ఊళ్లో మీ సీనియర్ లేకుండా చేయలేని పని అక్కడా చేయకూడదు. అక్కడి రోగికి ఫిర్యాదు చేసే దారి కూడా మనకున్నంత ఉండకపోవచ్చు.

హైదరాబాద్‌కు దీనితో సంబంధం ఏమిటి?

రెండు వైపులా ఉంది.

నేర్చుకున్న వైపు చూస్తే, 108 అంబులెన్స్ సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. అంబులెన్సులు కొనడం సులువైన పని. వాటిలో కూర్చునే టెక్నీషియన్లకు, పారామెడిక్‌లకు నేర్పేదెవరు? మేడ్చల్ దారిలో దేవరయాంజాల్‌లో ఉన్న ఈఎంఆర్ఐ క్యాంపస్‌కు అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ ఎమర్జెన్సీ వైద్యులు వచ్చి, రెండేళ్ల పారామెడిక్ కోర్సు రూపొందించడంలో, ఇక్కడి బోధకులను తయారు చేయడంలో సాయపడ్డారు. ఇప్పుడు 108లో వచ్చి ఆక్సిజన్ మాస్క్ పెట్టే కుర్రాడి పాఠం వెనక ఆ రాకపోకలు కూడా ఉన్నాయి.

నేర్పిన వైపు కూడా ఒక ముడి ఉంది. భారత ప్రభుత్వం చేపట్టిన పాన్ ఆఫ్రికన్ ఈ-నెట్‌వర్క్ పైలట్ ప్రాజెక్టు 2007లో ఇథియోపియాలోనే ప్రారంభమైంది. టెలిమెడిసిన్ కోసం అప్పుడు కలిపినవి అడిస్ అబాబాలోని ఇదే నల్ల సింహం ఆసుపత్రినీ, హైదరాబాద్‌లోని కేర్ ఆసుపత్రినీ. ఎమర్జెన్సీ పీజీ కోర్సు మొదలవడానికి మూడేళ్ల ముందు సంగతి ఇది.

ఆఫ్రికా, ఆసియా దేశాల్లో జూనియర్లకు నేర్పే విషయంలో తెలుగు రాష్ట్రాల డాక్టర్ల దగ్గర టొరంటో డాక్టర్ల దగ్గర లేనిది ఒకటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుల మందు తాగిన కేసును టొరంటో డాక్టర్ ఏళ్లకొకసారి చూస్తే గొప్ప. వరంగల్‌లోనో, గుంటూరులోనో, కర్నూలులోనో ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లు ఎన్నో కేసులు చూసి ఉంటారు. అట్రోపిన్ ఎంత మోతాదు దాకా వెళ్లాలి, ఊపిరితిత్తుల్లో గురగుర తగ్గిందా అని ఎన్నిసార్లు విని చూడాలి, రెండో మూడో రోజున మెడ కండరాలు నీరసించి తల ఎత్తలేకపోతే ఏం జరగబోతోంది అన్నది వాళ్ల చేతులకు తెలుసు. పాముకాటూ అంతే. అడిస్ అబాబా పీజీకి ఈ అనుభవం ఉన్న గురువు ఎక్కువ పనికొస్తాడన్నది ఈ కథనం రాస్తున్నప్పుడు మాకు కలిగిన అభిప్రాయం. విదేశీ బోధన అంటే ధనిక దేశం నుంచి పేద దేశానికే వెళ్లాలన్న నియమమేమీ లేదు.

వెళ్లాలనుకుంటే ముందు ఏం చూసుకోవాలి?

మొదట కాలం. నెల కంటే తక్కువ సమయం ఉంటే, ఒక్కడిగా కాకుండా ఏటా అదే చోటికి బృందాలను పంపే సంస్థతో వెళ్లడం మేలు. అమెరికాలో 1986 నుంచి పనిచేస్తున్న హెల్త్ వాలంటీర్స్ ఓవర్సీస్ లాంటివి బోధనకే ప్రాధాన్యం ఇస్తాయి. విమాన టికెట్ ఖర్చు సాధారణంగా వెళ్లేవారిదే. బ్రిటన్‌లో 1988లో థెట్ పేరుతో మొదలైన సంస్థ అక్కడి ఆసుపత్రులకూ, ఆఫ్రికా, ఆసియా ఆసుపత్రులకూ మధ్య భాగస్వామ్యాలను నడిపిస్తుంది. ఏడాది పాటు ఉండగలిగేవాళ్లకు దారి వేరు. సీడ్ గ్లోబల్ హెల్త్ 2013లో అమెరికా పీస్ కోర్‌తో కలిసి మలావి, టాంజానియా, ఉగాండాల్లో మొదలుపెట్టింది ఏడాది బోధనా నియామకాలతోనే.

సంస్థను కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ కోర్సు స్థానిక విశ్వవిద్యాలయం అడిగిందా, మీరే ప్రతిపాదించారా? అక్కడ నా పైన బాధ్యుడైన స్థానిక డాక్టర్ ఎవరు? నాకంటే ముందు వెళ్లినవాళ్లు ఏం చెప్పారు, నా తర్వాత ఎవరు వెళ్తారు? 'మీరు వెళ్లండి సార్, అక్కడ చూసుకుందాం' అన్న జవాబు వస్తే ఆగి ఆలోచించండి.

తర్వాత లైసెన్స్. పాఠం చెప్పడానికే వెళ్తున్నా పడక పక్కన బోధించేటప్పుడు రోగిని ముట్టుకోక తప్పదు. అందుకే ఆ దేశపు మెడికల్ కౌన్సిల్ లేదా ఆరోగ్య శాఖ నుంచి తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి వార్డులో పనిచేయడం చట్టవిరుద్ధం కావచ్చు. ఏదైనా పొరపాటు జరిగితే మీ స్వదేశీ ఇన్సూరెన్స్ అక్కడ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు సెలవుతో పాటు విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి కూడా తీసుకోవాలి. దీనికి నెలలు పట్టొచ్చు, ముందే మొదలుపెట్టండి.

సూది గుచ్చుకునే ప్రమాదం ఎమర్జెన్సీలో ఎక్కడైనా ఉంటుంది. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపు, వీలైతే మొదటి గంటల్లోనే మొదలుపెట్టాలి. అవి అక్కడ దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి, అనుమానముంటే వెంట తీసుకెళ్లండి. కుమాసీ వెళ్లేవాళ్లకు మలేరియా మాత్రలు తప్పనిసరి. అడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్లకు పైన ఉంది కాబట్టి నగరంలో మలేరియా భయం తక్కువ, మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం మాత్రం వస్తుంది.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి చాలామంది తిరుగు ప్రయాణంలో తెలుసుకుంటారు. ఘనాలో అడుగుపెట్టడానికి ఈ సర్టిఫికెట్ కావాలి. అక్కడి నుంచి గానీ, ఇథియోపియా నుంచి గానీ నేరుగా భారత్‌కు వచ్చేవాళ్ల దగ్గర ఆ సర్టిఫికెట్ లేకపోతే 6 రోజుల వరకూ క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన విమానాశ్రయ ఆరోగ్య సిబ్బందికి ఉంది. భారతీయులకూ మినహాయింపు లేదు. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనిచేస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ టీకా వేసే అధీకృత కేంద్రాల్లో ఒకటి.

అక్కడి నుంచి ఇక్కడికి వచ్చి నేర్పాలంటే?

అమెరికా, యూకేల్లో స్థిరపడిన తెలుగు ఎమర్జెన్సీ డాక్టర్లు సొంత ఊరి మెడికల్ కాలేజీలో పీజీలకు నెల రోజులు పాఠాలు చెబుతామని అడుగుతుంటారు. క్లాస్‌రూమ్ పాఠం, బొమ్మల మీద సిమ్యులేషన్ అయితే కాలేజీ ఆహ్వానంతో సాగిపోతుంది. రోగిని చూస్తూ నేర్పాలంటే భారత రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక్కడే చదివి వెళ్లినవాళ్లు తమ పాత స్టేట్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉందో లేదో చూసుకోవాలి. చాలామందిది రెన్యువల్ చేయకుండా మిగిలిపోయి ఉంటుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, విదేశాల్లోనే చదివినవాళ్లు బోధన కోసం తాత్కాలిక అనుమతి గురించి ఆహ్వానించే కాలేజీ ద్వారా నేషనల్ మెడికల్ కమిషన్‌ను సంప్రదించాలి. ఓసీఐ కార్డు దేశంలోకి రానిస్తుంది గానీ, వైద్యం చేసే లైసెన్స్ కాదు.

తేదీలు ఖరారు చేసుకునే ముందు ఆ విభాగం హెడ్‌కు ఒక ఫోన్ చేసి, పీజీలు దేంట్లో తడబడుతున్నారో అడగండి. జవాబు మీరు అనుకున్న పాఠం కాకపోవచ్చు. రాత్రి డ్యూటీలో నర్సుకు, పీజీకి మధ్య రోగిని అప్పగించే పద్ధతే సరిగా లేదని చెప్పొచ్చు. అలాగైతే స్లైడ్లు మార్చుకుని బయల్దేరండి.